పాత నారోబోట్ వెనక గదిలో చలికాలం గడపొచ్చా? నా పొడుగు 5 అడుగుల 11 అంగుళాలు

డావెంట్రీ_కుర్రాడు:

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో డావెంట్రీ గోడౌన్ల దగ్గర ఐటీ ఉద్యోగం నాది. ఇప్పుడుంటున్న గది అక్టోబరు ఆఖరుకి ఖాళీ చెయ్యాలి. మా ఆవిడ లెస్టర్‌లో చదువుకుంటోంది, శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోతుంది.

మా ఆఫీసులో ఒక పెద్దాయనకి పాత నారోబోట్ ఉంది, అంటే ఇక్కడి కాలవల మీద తిరిగే సన్నటి సరుకు పడవ. గ్రాండ్ యూనియన్ కెనాల్ క్యారీయింగ్ కంపెనీ కోసం 1936లో కట్టిన మోటార్ పడవ, బ్రాన్‌స్టన్ దగ్గర కట్టేసి ఉంటుంది. చలికాలమంతా ఆయన స్పెయిన్‌లో కూతురి దగ్గర ఉంటాడట. "అద్దె ఏమీ వద్దు. పొయ్యి వెలిగిస్తూ గది పొడిగా ఉంచు, అడుగున నీళ్లు చేరితే పంపు వెయ్యి, అంతే" అన్నాడు.

వెళ్లి చూశాను. పడవ 70 అడుగుల పైనే పొడవు, కానీ అందులో ముక్కాలు భాగం సరుకు వేసుకునే ఖాళీ జాగా, పైన టార్పాలిన్. దాని వెనక ఇంజిన్ గది. ఆ వెనక, చిట్టచివర, మనిషి ఉండే గది. అది పది అడుగులు కూడా లేదు. లోపల ఇత్తడి గుబ్బలు, అంచులకి చిల్లులున్న పింగాణీ పళ్లేలు, లేసు తెరలు, అలమర తలుపుల మీద గులాబీలు, కోటల బొమ్మలు. అచ్చం బొమ్మరిల్లు. నిటారుగా నిలబడబోతే తల పైకప్పుకి తగిలింది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అందులో ఉండగలనా? రాత్రి నిద్ర పడుతుందా? వంట సంగతేంటి? ఇద్దరికి చాలుతుందా? అనుభవం ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

బ్రమ్_బాబాయ్:

ఎందుకొచ్చిన గొడవ బాబూ. రగ్బీ ఊళ్లో షేర్డ్ హౌస్‌లో ఒక గది చూసుకో. ఉద్యోగం చేసుకుంటూ బొగ్గు మొయ్యడం, బూడిద ఎత్తడం, జనవరి రాత్రి టాయిలెట్ డబ్బా మోసుకెళ్లడం... ఇవన్నీ ఎండాకాలం ఫోటోల్లో కనపడవు. అద్దె లేదంటే ఏదో ఒక మెలిక ఉంటుంది.

గునుపూడి_అక్క:

బాబాయ్ గారి మాట కొట్టిపారేయను, కానీ బొగ్గు మోసిన చేతులతో నేనూ నాలుగు మాటలు చెబుతాను. మా ఆయనా నేనూ ఉంటున్నది ఇలాంటి పడవలోనే, స్టోక్ బ్రూర్న్ వైపు. మాది బట్టీ, అంటే మోటార్ పడవ వెనకాల తాడుతో కట్టి లాగే ఇంజిన్ లేని పడవ.

ముందు నీ పొడుగు సంగతి తేల్చేద్దాం తమ్ముడూ. నారోబోట్ వెడల్పు 7 అడుగుల లోపే. 1766లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలవ తవ్వకం మొదలుపెట్టినప్పుడు జేమ్స్ బ్రిండ్లీ లాకులకి 7 అడుగుల కొలత పెట్టుకున్నాడు. ఆ తర్వాత పడవలన్నీ దానికి ఒదిగాయి, ఇప్పుడు నువ్వు ఒదగాలి. గ్రాండ్ యూనియన్ లాకులు దానికి రెట్టింపు వెడల్పువే, అందుకే మోటారూ బట్టీ పక్కపక్కన దూరేవి. కానీ చిన్న కాలవల్లోకీ వెళ్లాలి కదా, పడవ మాత్రం సన్నగానే ఉండిపోయింది. గోడల మందం, పైకి పోయేకొద్దీ లోపలికి వాలిన వాలు తీసేస్తే, క్రాస్ బెడ్ మీద, అంటే రాత్రి గదికి అడ్డంగా దించుకునే పక్క మీద, నీకు మిగిలేది ఆరడుగులకు కాస్త అటూ ఇటూ. పడవకీ పడవకీ తేడా ఉంటుంది కాబట్టి ఈసారి టేపు పట్టుకెళ్లు. నువ్వు తిన్నగా చాపుకుని పడుకుంటే జుట్టు ఒక గోడకీ వేళ్లు ఇంకో గోడకీ తగులుతాయి. మోకాళ్లు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకునే అలవాటుంటే ఏ ఇబ్బందీ లేదు. వెల్లకిలా పడుకునేవాడివైతే ఇప్పుడే మానుకో.

ఇక ఆ గది ఎలా నడుస్తుందో చెబుతాను. చుక్కాని దగ్గర నుంచి తలుపులు తీసి, పైనున్న జారుడు మూత వెనక్కి నెట్టి దిగుతావు. కాలు మోపే మెట్టే బొగ్గు పెట్టె. ఎడమ చేతి వైపు రేంజ్, అంటే చిన్న ఇనుప పొయ్యి, కింద ఓవెన్, చుట్టూ ఇత్తడి కమ్మీ. దాని పక్కన నిలువు అలమర, దాని తలుపు కిందికి దించితే అదే భోజనం బల్ల. నువ్వు చూసిన కోట బొమ్మ ఉన్న తలుపు అదే అయ్యుంటుంది. కుడి వైపు గోడ పొడవునా సైడ్ బెడ్, పగలు కూర్చోడానికి, కింద సామాను. వెడల్పు రెండడుగులు. ఇక ఎదురుగా, ఇంజిన్ గది వైపున్నది బెడ్ హోల్. పగలు అదొక అలమర, పరుపూ దుప్పట్లూ అందులోనే మడిచి ఉంటాయి. రాత్రి ఆ అలమర తలుపు దించితే అది గదికి అడ్డంగా వచ్చి అవతల సైడ్ బెడ్ మీద ఆనుకుంటుంది. అదే క్రాస్ బెడ్. వెడల్పు మూడడుగుల చిల్లర.

అది దించగానే గదిలో సగం నేల మాయమైపోతుంది. అన్నం తినడం, గిన్నెలు కడగడం, రేపటి చొక్కా తీసి బయట పెట్టుకోవడం, ఫోన్ చార్జర్ వెతుక్కోవడం, అన్నీ పక్క వెయ్యకముందే. పక్క వేశాక గుర్తొచ్చిన ఏ వస్తువైనా పరుపు కిందున్న అలమరలోనే ఉంటుంది, ఇది నా మాటగా రాసిపెట్టుకో. చిన్నదని భయపడకు. ఒక సమయంలో ఒక పనే జరిగే గది అది. ఒక్కడివే అయితే వారంలో అలవాటు పడిపోతావు. ఇద్దరైతే, నువ్వు షూ విప్పుకుంటున్నప్పుడు ఆవిడ టీ పెట్టలేదు. ఆవిడ జడ వేసుకుంటుంటే నీ మోచెయ్యి ఎక్కడుండాలో నువ్వు ముందే ఆలోచించుకోవాలి. మేం గొడవపడేది గది చిన్నదని కాదు, ముందు ఎవరి పని అని. మీరిద్దరూ వారానికి రెండు రాత్రులే అంటున్నావు కాబట్టి తట్టుకుంటారు.

నిద్ర. ఇంజిన్ గది గోడ వైపు ఒకరు, పొయ్యి వైపు ఒకరు. లోపలి వాళ్లు రాత్రి లేవాలంటే బయటి వాళ్ల మీదుగా పాకాలి. కాబట్టి రాత్రి ఎక్కువసార్లు లేచేవాళ్లు పొయ్యి వైపు పడుకోండి. పడవ ఎప్పుడూ కచ్చితంగా సమంగా ఉండదు, కాస్తయినా ఒరిగి ఉంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి చూడు, ఎత్తుగా ఉన్న వైపు తల పెట్టుకో. లేకపోతే పొద్దున్నకి తలనొప్పి. తెల్లవారుజామున బాతులు పడవ పక్కన పట్టిన నాచు పొడుస్తాయి. నీ చెవికీ ఆ ముక్కుకీ మధ్య ఒక్క రేకే అడ్డం. మొదటి రోజు ఎవరో తలుపు కొడుతున్నారనుకుని లేస్తావు. ఆ తర్వాత తిట్టుకుని పడుకుంటావు.

పొయ్యి వెలిగిస్తే గది పావుగంటలో ఉక్కపోస్తుంది, నిజం. కానీ ఆ వేడంతా పైకప్పు కింద. నేల మాత్రం మంచు, ఎందుకంటే దాని కింద కాలవ. కూర్చుంటే చెవులు మండుతాయి, మడమలు కొంకర్లు పోతాయి. ఉన్ని మేజోళ్లు మంచివి కొనుక్కో, ఇందులో పిసినారితనం వద్దు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఆ లేసులూ పళ్లేలూ చూసి జనం ముచ్చటపడిపోతారు. పాతకాలం పడవ కుటుంబాలు సరదాకి అందులోకి చేరలేదు. 1840ల నుంచి రైళ్లు పోటీకి వచ్చాయి, కాలవ మీద కిరాయిలు పడిపోయాయి. కూలీ మనిషిని పెట్టుకోలేక, గట్టు మీద ఇంటికి అద్దె కట్టలేక, పెళ్లాం పిల్లల్ని పడవెక్కించుకున్నారు చాలామంది. అదే గదిలో పురుళ్లు, అదే గదిలో జబ్బులు. కోల్‌విల్ ఊరి జార్జ్ స్మిత్ అనే ఆయన పోరాడితే 1877లో, మళ్లీ 1884లో చట్టాలొచ్చాయి. ఆ నిబంధనల ప్రకారం వెనక గదిలో 180 ఘనపుటడుగుల ఖాళీ జాగా ఉండాలి. 12 ఏళ్లు దాటిన మనిషికి 60, అంతకన్నా చిన్న పిల్లలకి 40. లెక్కేసుకో, 180లో మొగుడూ పెళ్లానికి 120 పోతే మిగిలింది ఒక్క పిల్లకి. అంతకు మించి పిల్లలున్న ఇళ్లు ఎన్నో. తనిఖీ వాళ్లు వచ్చే లోపల పిల్లల్ని పక్క పడవలోకి పంపేవారని ఇక్కడి ముసలివాళ్లు నవ్వుతూ చెబుతారు. మీ ఇద్దరికీ చట్టప్రకారం అయితే బోలెడు చోటు.

డావెంట్రీ_కుర్రాడు:

అక్కా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. పాకడం దగ్గర నవ్వింది, ఆ తర్వాత ఒకటే ప్రశ్న వేసింది: "తాలింపు ఎక్కడ పెట్టాలి?" నాకు సమాధానం తెలియలేదు. స్నానం, టాయిలెట్ సంగతి కూడా చెప్పండి.

ఇంకో టెన్షన్ ఏంటంటే బొగ్గు పొయ్యి పక్కనే తలుపులు మూసుకుని పడుకోవడం. ఊళ్లో చలికాలం కుంపటి పెట్టుకుని పడుకుని పోయిన వాళ్ల వార్తలు చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా.

ధవళేశ్వరం_మావయ్య:

గునుపూడి అమ్మాయి రాసింది చదువుతుంటే మా తాతగారు గుర్తొచ్చారు, అందుకని చొరబడుతున్నాను. ఆయన ఏలూరు కాలవ మీద సరంగు. ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలవలు నీళ్లు పారించడానికే అనుకుంటారు ఈ తరం వాళ్లు. కాటన్ దొర మనసంతా పడవల మీద కూడా ఉండేది. అందుకే మన కాలవల మీద లాకులు. కాకినాడలో పడవెక్కితే ఏలూరు కాలవ, బెజవాడ దగ్గర కృష్ణ, కొమ్మమూరు కాలవ, పెదగంజాం దగ్గర నుంచి బకింగ్‌హాం కాలవ పట్టుకుని మద్రాసు దాకా నీళ్ల మీదే పోయేవారు. ఆ ఇంగ్లీషు లాకులు చూస్తే మన వైపు వాళ్లకి కొత్తగా ఏమీ అనిపించదు బాబూ, అదే తలుపు, అదే తూము.

మా తాతగారి పడవలో గది అనేదే లేదు. వెనక భాగాన వెదురు బద్దల మీద తాటాకు గూడు, కింద చాప. వానొస్తే ధాన్యం బస్తాలకి ముందు కప్పు, తర్వాత మనుషులకి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, ఎదురు నీరైతే ఇద్దరు గట్టు మీద నడుస్తూ తాడు లాగడం. మట్టి పొయ్యి మీద ఒక్క పూట వండుకుని రెండు పూటలా తినేవారట. కానీ మా నాయనమ్మ ఎప్పుడూ పడవెక్కలేదు. ఇల్లు ఊళ్లోనే. ఆ చలిదేశంలో కుటుంబాలతో సహా ఆ పెట్టెలో ఉన్నారంటే, ఆ తల్లులకి దండం పెట్టాలి.

ఒక సందేహం. పడవ నడిపేటప్పుడు చుక్కాని పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడతాడమ్మా? మన పడవల్లో ఎండలో మాడాల్సిందే.

గునుపూడి_అక్క:

మావయ్యగారూ, మీది ధవళేశ్వరమా! మా అమ్మమ్మగారిది ఆత్రేయపురం. మీ ప్రశ్న ముందు. నడిపే మనిషి ఆ తలుపుల మధ్యలోనే, బొగ్గు పెట్టె మెట్టు మీద నిలబడతాడు. నడుము పైన వానలో, నడుము కింద గదిలో. మోకాళ్ల పక్కనే పొయ్యి. చలికాలంలో ఈ దేశంలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నేను చూడలేదు. చేతికందే ఎత్తులో టికెట్ డ్రాయర్ అని చిన్న సొరుగు, కాలవ సుంకం కాగితాలు అందులో పెట్టుకునేవారు. మేం ఇప్పుడు అందులో తాళాలూ, బిస్కెట్లూ పెట్టుకుంటున్నాం.

తమ్ముడూ, నీ టెన్షన్ న్యాయమైనదే, దానికి ముందు జవాబు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు, రంగూ ఉండదు, నిద్రలోనే పని కానిచ్చేస్తుంది. మనుషులు పడుకునే పడవల్లో దానికి అలారం ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి బోట్ సేఫ్టీ స్కీమ్ నిబంధన. పెద్దాయన్ని ఆ సర్టిఫికెట్ చూపించమను, నాలుగేళ్లకొకసారి తీసుకోవాలది. అలారం క్రాస్ బెడ్ తల దగ్గర ఉందో లేదో చూడు, బటన్ నొక్కి నీ చెవులతో విను. పొగ అలారం వేరే. గాలి ఆడేందుకు తలుపుల కిందో, పైకప్పులోనో సందులుంటాయి, చలి వేస్తోందని వాటిలో గుడ్డలు కుక్కకు. రాత్రి పొయ్యి గాలి తగ్గించు, పూర్తిగా నొక్కెయ్యకు. పొగగొట్టం గదిలోంచి పైకి పోయే అతుకు దగ్గర పగులు ఉందేమో టార్చి వేసి చూడు. వేడి బూడిద గది లోపల ఉంచకు, చల్లారిందని నమ్మి ప్లాస్టిక్ బకెట్లో పొయ్యకు.

అందరూ చెప్పనిది ఇంకొకటుంది. క్రాస్ బెడ్ దించాక ఇంజిన్ గదిలోకి వెళ్లే తలుపు దాని వెనక ఉండిపోతుంది. అంటే నీకు మిగిలిన దారి ఒక్కటే, చుక్కాని వైపు తలుపులు, ఆ దారిలోనే పొయ్యి. కాబట్టి లోపల తాళం కప్ప వేసుకుని పడుకోవద్దు. చిన్న గడియ చాలు. చీకట్లో, కళ్లు మూసుకుని, ఆ గడియ తీసి మూత నెట్టడం చేతికి అలవాటు చేసుకోండి, మీ ఆవిడ చేత కూడా చేయించు. ఫైర్ బ్లాంకెట్ పొయ్యి మీద కాదు, పక్క దగ్గర ఉండాలి.

ఇప్పుడు తాలింపు. ఆవిడ అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఆ గదిలో ఇంగువ వేశావంటే మూడు రోజులు దుప్పట్లోంచి ఇంగువే. ఆవాలు చిటపటలాడి లేసు తెరల మీద పడితే పెద్దాయన వచ్చాక మొహం చూపించలేవు. నేను చేసేది ఇది: ఆదివారం మా స్నేహితురాలింట్లో వారానికి సరిపడా తాలింపు నూనెలో వేయించి సీసాలో పోసి తెచ్చుకుంటాను. ఉడికిన పప్పులో ఒక చెంచా కలిపితే చాలు. కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర, ఆవకాయ, ఇవి ఉంటే పడవలో దర్జాగా బతకొచ్చు. మన పొడులు ఎవరు కనిపెట్టారో గానీ ఈ గది చూసే కనిపెట్టి ఉంటారు. తాజా తాలింపు తప్పదంటే జారుడు మూత మొత్తం తీసేసి, మెట్టు దగ్గర నిలబడి, మూకుడు మీద మూత పెట్టి కానివ్వు.

పొయ్యి మీద అన్నం బాగా అవుతుంది, కాకపోతే దానిష్టం వచ్చినప్పుడు అవుతుంది. పొయ్యి పైపలక మధ్యలో మంట, గిన్నె అంచుకి జరిపితే సెగ. ఆ జరపడమే వంట. ఓవెన్‌లో నూనె రాసిన వంకాయ పెట్టి వదిలెయ్, ఆఫీసు మెయిళ్లు చూసుకునే లోపల పచ్చడికి సిద్ధం. అన్నం వార్చకు, గంజి పొయ్యడానికి చోటుండదు. సరిపడా నీళ్లు పోసి అత్తెసరు పెట్టుకో.

నీళ్లకి పైకప్పు మీద రంగులేసిన డబ్బా ఉంటుంది, బక్బీ క్యాన్ అంటారు. అందంగా ఉంటుంది, నిండితే మెడ నరాలు లాగుతాయి. జనవరిలో గట్టు మీద కుళాయి గడ్డకడుతుంది. రాత్రి మంచు పడుతుందని వార్తల్లో చెబితే సాయంత్రమే ఉన్న డబ్బాలన్నీ నింపేసి, ఒకటి గదిలో పెట్టుకో. లాకులకి కూడా చలికాలమే మరమ్మతులు చేస్తారు, కాబట్టి పడవ నడుపుదాం అనే సరదా పెట్టుకోకు. 1962-63 చలికాలంలో కాలవలు వారాల తరబడి గడ్డకట్టి పడవలు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి. అసలే కుదేలైన సరుకు రవాణాకి అదే చావుదెబ్బ అయింది, 1963లో కాలవలు చూసుకునే ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ వాటర్‌వేస్ నారోబోట్లతో సరుకు మొయ్యడం చాలావరకు మానుకుంది.

స్నానానికి మరీనాలో, అంటే పడవలు కట్టేసుకునే రేవులో, షవర్ ఉంటుంది, కాలవ గట్టు మీద సౌకర్యాలకైతే వాటర్‌మేట్ అనే తాళంచెవి కావాలి. లేదంటావా, పొయ్యి మీద నీళ్లు కాచుకుని చెంబుతో కానిచ్చెయ్, మనకి కొత్తా? టాయిలెట్ ఆ గదిలో ఉండదు, ఇంజిన్ గదిలోనో, టార్పాలిన్ కిందో డబ్బా టాయిలెట్ పెట్టుకుంటారు. నిండితే ఎల్సన్ పాయింట్ దాకా మోసుకెళ్లి పారబోయాలి. బాబాయ్ గారు అన్నది ఇక్కడ అక్షరాలా నిజం.

చెమ్మ. ఇద్దరు మనుషులు ఊపిరి వదిలితే పొద్దున్నకి గోడలు చెమర్చి ఉంటాయి. పరుపు ఆ గూట్లో మడిచి పెట్టేముందు పైకెత్తి ఆరనివ్వు, వెనక రేకు గుడ్డతో తుడువు. ఇది మానేస్తే నెల తిరక్కుండా బూజు పడుతుంది. ఆయన నీకు ఊరికే ఇస్తున్నది కూడా అందుకే, మెలికేమీ లేదు. మనిషి లేని పడవ చలికాలంలో కుళ్లుతుంది. తడి బట్టలు మాత్రం గదిలో ఆరేయకు, ఇంజిన్ గదిలో తీగ కట్టుకో.

బ్రమ్_బాబాయ్:

అమ్మా, నువ్వు ఇంత రాశాక నేను వద్దంటే బాగోదు. ఒక్క విషయం మాత్రం అడగనీ. అక్కడ ఇల్లులాగా ఉండటానికి ఆ మరీనా వాళ్లు ఒప్పుకుంటారా? ఆ తర్వాత వీడి మీదకి రాకూడదు కదా.

గునుపూడి_అక్క:

మంచి ప్రశ్న బాబాయ్ గారూ, నాకు తట్టలేదు. మూరింగ్ అంటే పడవ కట్టేసుకునే చోటు. రెసిడెన్షియల్ మూరింగ్ అని రాసుంటే ఉండొచ్చు. లీజర్ మూరింగ్ అయితే దాన్నే ఇల్లుగా చేసుకోవడం సాధారణంగా కుదరదు. మూరింగే లేకుండా కాలవ మీద తిరుగుతూ ఉండొచ్చు గానీ, 1995 చట్టం ప్రకారం ఒకే చోట 14 రోజులకు మించి ఉండకూడదు. చలికాలంలో ఉద్యోగం చేసుకుంటూ అంత పడవని కదుపుతూ తిరగడం కొత్తవాడికి చెప్పను. తమ్ముడూ, పెద్దాయన చేత మరీనా వాళ్లకి ఒక మెయిల్ పెట్టించు, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా. నోటిమాట వద్దు.

డావెంట్రీ_కుర్రాడు:

శనివారం ఇద్దరం వెళ్తున్నాం. ఆయన్ని ఆ రాత్రికి పడుకోనివ్వమని అడిగాను, సరే అన్నాడు. మెయిల్ కూడా పెడతానన్నాడు. టేపు, టార్చి, మేజోళ్లు రాసుకున్నాను. ఇంకేమైనా చూడాలా? "ప్రతి రోజూ ఆ ఇత్తడి కప్పు తిప్పాలి" అని కూడా ఏదో చెప్పాడు, అర్థం కాలేదు.

గునుపూడి_అక్క:

అది గ్రీజు కప్పు. మీ పడవలో ఇంజిన్ ఉన్నది మీ గదికి ముందు కదా, ప్రొపెల్లర్‌కి వెళ్లే కడ్డీ నువ్వు పడుకునే గది నేల కిందుగానే పోతుంది. అది పడవ బయటికి వెళ్లే చోట చుక్కచుక్కగా నీళ్లు లోపలికి కారతాయి. కప్పు ఒక చుట్టు తిప్పితే గ్రీజు లోపలికి దిగి కారడం తగ్గుతుంది. ఎన్ని చుట్లు, ఎప్పుడు తిప్పాలి, పంపు స్విచ్ ఎక్కడ, ఏ పలకలు ఎత్తితే అడుగు కనపడుతుంది, ఇవన్నీ ఆయన చేతే చేయించి ఫోన్‌లో వీడియో తీసుకో. స్పెయిన్ నుంచి అర్ధరాత్రి ఫోన్లో చెప్పించుకునే పని కాదిది.

శనివారం రాత్రి పక్క మీరే దించండి, పొద్దున్న మీరే ఎత్తి మడవండి. ఆయన్ని చెయ్యి వెయ్యనివ్వకు. ఆ పని ఇద్దరూ మాటామాటా అనుకోకుండా చేశారంటే ఫిబ్రవరి దాకా ఉండొచ్చు. వంట మాత్రం ఆ రోజు ఆవిడకి పెట్టకు, పులిహోర కట్టించుకెళ్లు.

ధవళేశ్వరం_మావయ్య:

బాబూ, వెళ్లొచ్చాక ఫోటోలు పెట్టు. పళ్లేలవీ గులాబీలవీ అమ్మాయిలు చూస్తారు, నాకు లాకు తలుపులవి కావాలి. నీళ్లు వదిలే తూము చక్రంతో తిప్పుతున్నారో, చేతి పిడితోనో, దగ్గరగా తియ్యి.